తొలకరికి ముందు ఒకసారి కప్పెక్కి చూడండి

రోహిణి కార్తె ఎండలు మాడ్చేస్తున్నాయి. దాళ్వా నూర్పిళ్లు అయిపోయి పొలాలు బోసిగా ఉన్నాయి. పనుల్లేక మనవాళ్లు వేపచెట్టు కింద మంచాలు వేసుకుని కూర్చుంటున్న రోజులివి. ఇంకో పది పదిహేను రోజుల్లో మృగశిర వస్తుంది. కాలవకు నీళ్లొదిలితే నారుమళ్లు, ఆ వెనకే నాట్లు. అప్పుడిక ఎవరికీ తల గోక్కునే తీరిక ఉండదు.

ఈ శీర్షికలో మేము ఇన్నాళ్లూ కూలిరేట్ల గురించి, బంజరు పట్టాల గురించి, కౌలుదార్ల అప్పుల గురించి రాస్తూ వచ్చాం. ఈసారి ఇంటికప్పు మీద పేరుకునే ఆకూ అలమూ గురించి రాస్తున్నాం. "సంఘం వాళ్లకి వేరే పని దొరకలేదా" అని కొందరు నవ్వవచ్చు. నవ్వుకోండి, తప్పులేదు. మేమూ ఒకప్పుడు అలా నవ్వినవాళ్లమే. పోయిన స్వాతి కార్తె వానల్లో మా కాలనీలో జరిగింది చూశాక ఇది రాయక తప్పలేదు.

మా కాలనీ కృష్ణా డెల్టాలో, సముద్రానికి పది పన్నెండు మైళ్ల ఇవతల ఉంది. 60 గడపలు. అందరం పొలం కూలీలమే. మూడో వరుసలో ఒక పెద్దమ్మ ఉంటుంది. భర్త పోయాడు. కొడుకూ కోడలూ ఇటుక బట్టీల పనికి వెళ్తే ఆరేసి నెలలు తిరిగి రారు. మనవడిని పెట్టుకుని ఆమె ఒక్కతే ఉంటుంది. అప్పటికి రెండు రోజుల నుంచి ముసురు పట్టి ఉంది. మూడో రోజు తెల్లవారుజామున పిల్లవాడు ఒంటేలుకని లేచి బయటికి వచ్చాడు. లోపల దభీమని చప్పుడు. వాడు తల పెట్టుకుని పడుకున్న చోట శ్లాబు పెచ్చు ఊడి పడింది. మంచం పట్టె విరిగింది. ఇంకో ముక్క పెద్దమ్మ కాలి మీద పడి మడమ చితికింది. పిల్లవాడు లేవకపోయి ఉంటే ఏమయ్యేదో రాయడానికి మాకు చెయ్యి రావడం లేదు.

ఆ ఏడాది సార్వా కోతలకు ఆమె రాలేకపోయింది. కోతల కూలి పోవడమంటే ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

వాన తెరిపిచ్చాక మేం నలుగురం నిచ్చెన తెచ్చుకుని ఆ కప్పెక్కాం. చీలమండలు మునిగేటట్టు నీళ్లు. పక్కనున్న నిద్రగన్నేరు చెట్టు ఆకంతా ఆ నీళ్లలో కుళ్లి నల్లటి బురదయింది. ఒక మూల మోకాలెత్తు రావిమొక్క. ఇంకో మూల ఎప్పటివో పిడకలు, విరిగిన కుక్కిమంచం, ఒక సైకిలు టైరు. ఎప్పుడో మిరపకాయలు ఎండబెట్టుకునేటప్పుడు కాయలు జారి కింద పడకుండా అంచు చుట్టూ ఒక వరుస ఇటుకలు పేర్చి, మట్టితో మెత్తారు. ఆ తర్వాత ఆ వరుసను తీసినవాళ్లు లేరు. నీళ్లు పోవడానికి మిగిలింది ఒకే ఒక్క తూము గొట్టం. అది పూడిపోయింది. మాలో ఒకడు అందులో చెయ్యి పెట్టి కెలికితే గుప్పెడు ఆకులు వచ్చాయి. గుప్పెడంటే గుప్పెడే. అది తీయగానే నీళ్లు బుస్సుమని దూకాయి. అరగంటలో కప్పు ఖాళీ అయింది.

ఆ గుప్పెడు ఆకు తీయడానికి మాకు ఎన్నేళ్లు పట్టింది? సంఘం సభ్యత్వానికి ఏటా ఆ ఇంటికి వెళ్తున్నాం. గడపలో కూర్చుని టీ తాగి వస్తున్నాం. తలెత్తి పైకి చూసింది లేదు.

నెత్తిన 28 బస్తాలు

మాకు పెద్ద లెక్కలు రావు. ఏడో తరగతిలో బడి మానేసి గొడ్ల కాడికి పోయినవాళ్లం. కానీ ఈ లెక్క మాత్రం కాలనీలోని తాపీమేస్త్రీని కూర్చోబెట్టుకుని వేశాం. చదరపు అడుగు జాగాలో అంగుళం ఎత్తున నీళ్లు నిలిస్తే బరువు సుమారు 2 కిలోల 360 గ్రాములు. మన కాలనీ ఇళ్ల కప్పు 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు అనుకుంటే 300 చదరపు అడుగులు. అంగుళం నీళ్లకే 700 కిలోలు దాటుతుంది. మూడంగుళాలు నిలిస్తే 2,100 కిలోల పైమాటే. బస్తా 75 కిలోల చొప్పున 28 బస్తాల ధాన్యం నెత్తిన పెట్టుకుని, దాని కింద చాప వేసుకుని పడుకున్నట్టు లెక్క. నానిన గడ్డి, మట్టి, పిడకల బరువు ఇందులో కలపలేదు.

బరువు ఒక్కటే అయితే గట్టి శ్లాబు కొంత ఓర్చుకుంటుంది. అసలు చేటు చెమ్మ వల్ల వస్తుంది. శ్లాబు మందం నాలుగంగుళాలు. దాని కడుపులో ఊచలుంటాయి. కుళ్లిన ఆకు స్పంజిలాగా నీళ్లు పట్టుకుని ఉంటుంది కాబట్టి, వాన వెలిసి వారమైనా దాని కింద కప్పు ఆరదు. ఆ చెమ్మ వెంట్రుకవాసి పగుళ్లలో నుంచి ఊచదాకా దిగుతుంది. ఇనుము తుప్పుపడితే పొంగుతుంది. పొంగిన ఊచ చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచి తోస్తుంది. ముందు లోపలి కప్పున గోధుమరంగు మరక కనిపిస్తుంది. తర్వాత వెల్ల ఉబ్బుతుంది. తర్వాత ఊచ వెంబడి తిన్నగా ఒక పగులు తీస్తుంది. ఆ తర్వాత పెచ్చు ఊడుతుంది. ఉప్పు తగిలితే ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది. సముద్రపు గాలి సోకే ఊళ్లలో ఉన్నవాళ్లకు, ఉప్పు తగిలిన ఇసుకతో కట్టిన ఇళ్లలో ఉన్నవాళ్లకు ఇది రెండింతల ప్రమాదం.

రావి, మర్రి మొక్కల సంగతి మరీ అన్యాయం. కాకులు, గువ్వలు పండు తిని రెట్ట వేస్తాయి. కాస్త చెత్త, కాస్త తడి ఉన్న చోట గింజ మొలుస్తుంది. పైన కనిపించేది రెండాకులే. వేరు మాత్రం పగులు వెతుక్కుంటూ పోతుంది. ఆ మొక్కను కోసిపారేస్తే ఏమీ లాభం లేదు, రెండింతలు చిగురిస్తుంది. బలంగా పట్టి లాగితే పెళ్ల లేచి వస్తుంది. చిన్నదిగా ఉన్నప్పుడే వేరుతో సహా తవ్వి తీసి, ఆ పగులును ఉలితో కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, తడిపి, ఒక వంతు సిమెంటుకు మూడు వంతుల ఇసుక కలిపి పూడ్చాలని మేస్త్రీ చెప్పాడు. రావిచెట్టు దేవుడి చెట్టని ముట్టుకోని ఇళ్లు కూడా ఉన్నాయి. ఆ నమ్మకంతో మేం తగువు పెట్టుకోలేదు. మొక్కను పదిలంగా తీసి చెరువుగట్టున నాటుదాం అన్నాం. సరేనన్నారు.

తాటాకు నుంచి శ్లాబు దాకా

ఒకటి ఆలోచించాలి. కూలివాడు ఇంటికప్పును పట్టించుకోని మనిషి కాదు. తాటాకిళ్లలో ఉన్న రోజుల్లో మన పెద్దలు కప్పును కంటికి రెప్పలా చూసుకున్నారు. 1980ల చివర్లో మా ఇల్లు తాటాకిల్లే. ఎండాకాలం రాగానే మా నాయన చూరు కింద నిలబడి పైకి చూసేవాడు. పగటిపూట లోపల ఎక్కడ వెలుగు చుక్క కనిపిస్తే అక్కడ ఒక పుల్ల గుచ్చేవాడు. మునగాకు, చింతాకు రాలి కొప్పు పక్కన పేరుకుంటే వెదురుగెడతో దులిపేవాడు. ఆకు పడిన చోట తాటాకు తొందరగా కుళ్లుతుంది, ఎలకలు చేరతాయి, ఎలకల వెనకే పాము వస్తుంది. కప్పు మీదికి సొరపాదు, గుమ్మడిపాదు పాకించేది మా అమ్మ. కూరకు ఆ పాదే దిక్కు. కాపు అయిపోయి తీగ ఎండగానే లాగెయ్యకపోతే మాత్రం నాయన ఊరుకునేవాడు కాదు. ఎండుతీగ కింద చెమ్మ నిలిచి ఆకు నల్లబడుతుందని ఆయనకు ఎవరూ పుస్తకంలో చెప్పలేదు.

ఎంత చూసుకున్నా మూడేళ్లకో నాలుగేళ్లకో కప్పు తిరగ నేయాల్సిందే. ఆకు ఎవరి దగ్గరుంది? కామందు తాళ్లతోపులో ఉంది. ఆకు కొట్టుకోనిచ్చినందుకు రెండు మూడు రోజులు ఆయన దొడ్లో ఊరికే పని చేయాలి. కూలి రేటు పెంచమని సమ్మె కట్టిన ఏడాది ఆకు దొరికేది కాదు. మా ఇల్లు ఒక వానాకాలమంతా అలాగే కారింది. అమ్మ బియ్యం కుండను ఒక మూల నుంచి ఇంకో మూలకు మోస్తూనే ఉండేది. మన నెత్తిమీది కప్పు కూడా కామందు చేతిలో ఉండేదన్న సంగతి ఇప్పటి కుర్రవాళ్లు తెలుసుకోవాలి.

అందుకే పక్కా ఇళ్ల కోసం పేదలు ఊరూరా అర్జీలు పెట్టారు, ధర్నాలు చేశారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. తాటాకు కప్పులు తెప్పల్లా కొట్టుకుపోయాయని, గట్టి డాబా ఎక్కగలిగినవాళ్లు బతికారని మా పెద్దవాళ్లు చెబుతుండేవారు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చింది. మొదట్లో అది షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, వెట్టి నుంచి విడుదలైన కూలీలకు ఉద్దేశించిన పథకం. 2016లో దాని స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. పేర్లు మారాయి, బొమ్మలు మారాయి. కొన్ని ఊళ్లలో ఇళ్లు వచ్చాయి, కొన్ని ఊళ్లలో పునాదుల దగ్గరే ఆగాయి.

ఇల్లు వచ్చిన రోజు మనం ఏమనుకున్నాం? "ఇక కప్పు గొడవ లేదురా" అనుకున్నాం. అక్కడే మోసపోయాం. తాటాకును ఏటా చూసుకున్నవాళ్లం శ్లాబును ముప్పయ్యేళ్లు చూడలేదు. శ్లాబంటే రాయి, దానికేమవుతుంది అనుకున్నాం.

మెట్లు లేకపోవడం ఇంకొక కారణం. కాలనీ ఇళ్లకు మెట్లు కట్టలేదు. ఉన్న డబ్బులు గోడలకే చాల్లేదు, మెట్లెక్కడివి? నిచ్చెన కావాలంటే ఊళ్లోకి పోయి అడుక్కోవాలి. కప్పు మీద ఏముందో కింద ఉన్నవాడికి కనపడదు. కనపడనిది మనసున పడదు. ఇంటి మగవాళ్లు వలస పోయి, ముసలివాళ్లు, పిల్లలు మిగిలిన ఇళ్లలో ఎవరు ఎక్కుతారు? మేం లెక్క చూస్తే బాగా పాడైన కప్పుల్లో ఎక్కువ అలాంటి ఇళ్లవే.

చెట్టు వాళ్లది, ఆకు మనది

పెద్దమ్మ ఇంటి మీద ఆకు రాల్చిన నిద్రగన్నేరు కాలనీది కాదు. కాలనీ గోడ వెనక ఒక మోతుబరి రైతు దొడ్డిలో ఉంది. దాని కొమ్మ మూడిళ్ల మీదికి వాలింది. కొట్టించమని ఆ ఇళ్లవాళ్లు ఒకటి రెండుసార్లు విడివిడిగా అడిగారట. ఆయన "చూద్దాంలే" అన్నాడు. ఆయన పొలంలో పనికి పోయేవాళ్లు అంతకంటే ఎక్కువ అడగలేరు. సంఘం నుంచి పదిహేను మందిమి వెళ్లాం. గొడవ పడటానికి వెళ్లలేదు. కప్పు ఊడిన సంగతి చెప్పి, కొమ్మ మేమే కొడతాం, పుల్లలు మీరే తీసుకోండి అన్నాం. "నా చెట్టు నీడ మీకు పనికొచ్చింది కాదుటోయ్ ఇన్నాళ్లూ" అన్నాడు. మాతో వచ్చిన ఒక అక్క "నీడ మాకొద్దు బాబూ, ఆకు మీరు ఏరుకోండి" అంది. కాస్త నవ్వులాటయింది. మర్నాడు కొమ్మ దిగింది. పుల్లలు మేమే తెచ్చుకోమన్నాడు కూడా. అందరూ అలా ఒప్పుకుంటారని మేం చెప్పడం లేదు. ఒక్కరు అడిగినదానికి, పదిహేను మంది అడిగినదానికి తేడా ఉంటుందని మాత్రం మన సంఘాలకు తెలిసిందే.

సర్కారు ఆఫీసు దగ్గర అంత సులువుగా జరగలేదు. పెద్దమ్మ ఇంటికి మరమ్మతు కోసం అర్జీ పట్టుకుని పోతే అక్కడి ఉద్యోగి ఫోటో చూసి, "కప్పు మీద రావిచెట్టు పెంచుకుని మమ్మల్ని అడిగితే ఎట్లా? ఇల్లు ఇచ్చేదాకే మా పని, చూసుకోవలసింది మీరు" అన్నాడు. మాకు మండింది. ఊచలు కనిపిస్తున్నాయి, ఎంత సన్నటివి వేశారో చూడమన్నాం. పెచ్చును చేత్తో నలిపితే ఇసుక రాలుతోంది, ఇందులో సిమెంటు ఎంత కలిపారో చెప్పమన్నాం. ఆ కాంట్రాక్టరు బిల్లు తీసుకుని పోయి ఎన్నో ఏళ్లయింది. ఫైలు దొరకదన్నారు.

బయటికొచ్చి కాలవగట్టున కూర్చుని ఆలోచించుకున్నాం. ఆయన చెప్పినదాంట్లో ఒక ముక్క నిజం ఉంది. ఆ ఒక్క ముక్కను అడ్డం పెట్టుకునే మిగతా అబద్ధమంతా దాటేశాడు. ఆ ముక్క కూడా లేకుండా చెయ్యాలి. కప్పులన్నీ శుభ్రం చేసుకున్నాక, తూములు తెరుచుకున్నాక, అప్పటికీ పెచ్చులూడే ఇల్లు కట్టడంలోనే చెడింది. అది వాళ్లు జవాబు చెప్పాల్సిన ఇల్లు. అప్పుడు ఫోటోలో రావిచెట్టు ఉండదు. కాలనీ మొత్తం తిరిగి కప్పులు ఊడ్చాం, ఊచలు తేలిన 11 ఇళ్లకు విడిగా జాబితా రాశాం, ఒక్కో ఇంటికి లోపలా పైనా ఫోటోలు తీశాం, అందరి సంతకాలతో ఇచ్చి రసీదు తీసుకున్నాం. పని ఇంకా కాలేదు. "మెయింటెనెన్సు" అనే మాట మాత్రం మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మా పరువు సంగతి కూడా చెప్పేస్తాం. ఆ తిరగడంలో మా సొంత ఇంటి కప్పు మీద కూడా జానెడు రావిమొక్క దొరికింది. ఏడాది ముందు ఇదే ఇంట్లో కమిటీ కూర్చుంటే రసీదు పుస్తకం మీద చుక్కలు పడ్డాయి. బల్ల పక్కకు జరుపుకుని మీటింగు సాగించాం.

పని ఎలా చెయ్యాలి

ఏడాదికి రెండుసార్లు చాలు. ఒకటి ఇప్పుడు, మృగశిర లోపల. రెండోది దసరా వెళ్లాక, స్వాతి కార్తె వానలు పట్టకముందు. మన కోస్తాకు పెద్ద తుపాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే వస్తాయి. కలుపులు అయిపోయి కోతలు మొదలుకాని రోజులు కొన్ని దొరుకుతాయి కాబట్టి మనకూ అనుకూలం. ఒక ఇంటికి ఇద్దరు మనుషులు, అరపూట. ఒకరు పైన, ఒకరు కింద నిచ్చెన పట్టుకుని ఉండాలి.

తడికప్పు ఎక్కవద్దు. గాలీ వానా ఉన్నప్పుడు అసలే వద్దు. ఎక్కేముందు కరెంటు సర్వీసు తీగ ఎటు పోయిందో చూసుకోండి. కాలనీల్లో తీగలు చేతికందే ఎత్తులో వేలాడుతుంటాయి. ఇనుప గొట్టం, ఇనుప నిచ్చెన, తడిసిన గెడ తీగ దరిదాపుకు తీసుకుపోవద్దు. తీగ కప్పుకు ఆనుకుని ఉంటే లైనుమన్‌కు చెప్పి సరి చేయించాకే ఎక్కండి. చెత్తలోకి చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. తేళ్లు, జెర్రులు అక్కడే కాపురం ఉంటాయి.

చీపురుతో ఊడ్చిన చెత్తను తూములోకి నెట్టవద్దు. నవ్వకండి, మేం అదే చేశాం. తట్టకెత్తి కిందికి దించాలి. తర్వాత తూములో ఒక బిందెడు నీళ్లు పోసి చూడండి. ధారగా బయటికి పడితే సరే. తూము నోటికి ఇనుప జాలీ ముక్క పెడితే ఆకు లోపలికి పోదు. జాలీ ముందు చేరిన ఆకును మాత్రం ఎప్పటికప్పుడు తీయాలి, లేకపోతే జాలీయే మూత అవుతుంది. ఇటుకల వరుసలుంటే తీసెయ్యండి. మిరపకాయలు, మినుములు ఎండబెట్టుకోవద్దని మేం అనడం లేదు. అంతకంటే మంచి కళ్లం మనకెక్కడిది? ఎండాక ఇటుకలు తీసెయ్యండి, పరిచిన పట్టా చుట్టెయ్యండి. గడ్డివామి, పిడకలగూడు మాత్రం శ్లాబు మీద వద్దు.

టైర్లు, కొబ్బరి చిప్పలు, పగిలిన కుండలు దించెయ్యండి. డెంగీ దోమ నిలవున్న మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో ఎగిరే దోమ తయారవుతుంది. ఆసుపత్రి ఖర్చు ఎంతో ఒకసారి తగిలినవాళ్లని అడగండి.

లోపలికి వచ్చి పొడుగు కర్రతో కప్పును కొట్టి చూడండి. గట్టిగా ఉన్నచోట ఖణీమంటుంది, ఊడేందుకు సిద్ధంగా ఉన్నచోట బోలుగా, డబడబమంటుంది. బోలుగా ఉన్న పెచ్చును, కింద మంచాలూ మనుషులూ లేకుండా చూసుకుని, పక్కన నిలబడి మీరే రాల్చెయ్యండి. రాత్రివేళ దానంతటది పడేకంటే పగలు మన చేత్తో పడటం నయం. తేలిన ఊచల మీద ఊరికే సిమెంటు పూసి దాచవద్దు. తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి తీశాకే మేస్త్రీ చేత పూయించాలి. లేకపోతే లోపల తినేస్తూనే ఉంటుంది. ఊచలు బాగా సన్నబడి, కప్పు కుంగినట్టు కనిపిస్తే ఆ గదిలో పడుకోవడం మానేసి ముందు సంఘానికి కబురు చెయ్యండి.

సిమెంటు రేకుల ఇళ్లవాళ్లు ఎట్టి పరిస్థితిలోనూ రేకు మీద కాలు పెట్టవద్దు. చూడటానికి గట్టిగా ఉంటుంది, పాతబడ్డాక అప్పడంలా విరుగుతుంది. రేకు విరిగి పడి నడుం పోగొట్టుకున్న వాడు మాకు తెలిసే ఒకడున్నాడు, ఇప్పుడు ఏ పనీ చెయ్యలేడు. నిచ్చెన మీదే ఉండి, గెడకు చీపురు కట్టి, ముందు నీళ్లు చల్లి తడిపి మెల్లగా లాగాలి. పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది. ఆ రేకుల్లో ఉండేది ఆస్బెస్టాసు నార. అది ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత క్యాన్సరు రావచ్చు. ఇనుప రేకుల మీద గాలికి లేవకుండా రాళ్లు, టైర్లు పెడతారు. తుపాను గాలిలో ఆ రాయే ఎగిరొచ్చి ఎవరి మీదో పడుతుంది. రేకును వాసానికి తీగతో, బోల్టుతో బిగించుకోవడమే మంచిది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తుపాను తీరం దాటినప్పుడు మా వైపు కూడా వీధుల్లో రేకులు, కొమ్మలు పడి నడవలేకపోయాం.

పెంకుటిళ్లవాళ్లకు తెలియనిది మేం చెప్పేదేమీ లేదు. పెంకు సందుల్లో ఆకు ఇరుక్కుంటే నీరు వెనక్కి ఎగదన్ని వాసం తడుస్తుంది. కోతులు కదిపిన పెంకులు ముందు సర్దుకోండి.

మిరపకోతలకు కర్నూలు వైపు నుంచి గుంటూరు ప్రాంతానికి వచ్చే కూలీలతో ఒకసారి ఈ మాట పడింది. అక్కడి మట్టిమిద్దెల మీద వానలకు ముందు గడ్డి పీకి, చవుడుమట్టి పరిచి తొక్కడం పాత అలవాటు. చవుడు నీటిని లోపలికి దిగనివ్వదు. ఒకతను మమ్మల్నే అడిగాడు: "మాది మట్టి మిద్దె సామీ, యేడాదికొకసారి ఎక్కకుంటే ముంగారుకే కూలుతాది. మీది సిమెంటు గదా, మీరు ఎన్నాళ్లకొకసారి ఎక్కుతారు?" మా దగ్గర జవాబు లేదు.

మా కాలనీలో ఈ ఆదివారం పొద్దున ఆరు గంటలకు మొదలుపెడుతున్నాం. ముందు మనుషులు లేని ఇళ్లు, ముసలివాళ్ల ఇళ్లు, తర్వాత మిగతావి. ఆడవాళ్ల మీటింగులో ఒక చెల్లెమ్మ అడిగింది: "కప్పు మీద వడియాలు, మిరపకాయలు మావి, చెత్త మాత్రం మీదా అన్నా?" అని. ఎక్కగలిగిన ఆడవాళ్లు కూడా ఎక్కుతామన్నారు. ఇంటికి కొంత వేసుకుని ఒక వెదురు నిచ్చెన, రెండు ఇనుప తట్టలు, ఒక తీగ బ్రష్షు కొన్నాం. అవి సంఘం గదిలో ఉంటాయి. ఎవరికి కావాలన్నా పుస్తకంలో పేరు రాసి తీసుకుపోవచ్చు, సాయంత్రానికి తిరిగి పెట్టాలి. పోయిన గురువారం తీసుకుపోయిన నిచ్చెన ఇంకా రెండో వరుసలోనే ఉంది. శనివారం రాత్రికల్లా తెచ్చి పెట్టమని కబురు పంపాం.